ఆగ్నేయంలో పెట్టిన మిషను

ఆ పొద్దున గొడవ ఒక పాత తువ్వాలు దగ్గర మొదలైంది.

మామగారి గది తలుపు కింద రెండు వేళ్ళు దూరేంత సందు ఉంది. ఏసీ బిగించిన రోజునే మనోజ్ఞ ఆ సందు చూసి, పాత తువ్వాలొకటి గట్టిగా చుట్టి, రెండు చివరలా దారం కట్టి అక్కడ పెట్టింది. ఇవాళ కాఫీ పట్టుకుని వెళ్ళేసరికి అది కనపడలేదు. గుమ్మం బయట సిద్ధార్థ ఒంటికాలి మీద నిలబడి బూటు తుడుచుకుంటున్నాడు, ఆ తువ్వాలుతోనే.

"అది తలుపు సందుదండీ."

"తలుపు సందుకో తువ్వాలు, నా బూట్లకో తువ్వాలు అని పేర్లు కుట్టావా ఏంటి?"

"కుట్టక్కర్లేదు. దారం కట్టి ఉంది. బూట్లు తుడిచే గుడ్డకి ఎవరైనా దారం కడతారా?"

"ఫైవ్‌స్టార్ మిషను కావాలని విజయవాడలో ఉన్న షాపులన్నీ తిప్పావు. తీరా కొన్నాక దానికి చిరిగిన తువ్వాలు కాపలా!"

"ఎన్ని స్టార్లున్నా, సందులోంచి పోయిన చల్లదనాన్ని అది వెనక్కి పట్టుకురాదు. ఇటివ్వండి."

గదిలోంచి వెంకటసుబ్బారావు గారి గొంతు వినిపించింది. "ఇచ్చెయ్ రా సిద్ధూ. ఆ ఏసీ ఈ ఇంటికి కొత్తల్లుడు. అల్లుడి తువ్వాలు ఎవరైనా వాడతారా?"

సిద్ధార్థ నవ్వుకుంటూ తువ్వాలు విదిలించి ఇచ్చాడు. అంతటితో ఊరుకోకుండా లోపలికి వచ్చి రిమోటు తీసి ఇరవై మీదకి నొక్కాడు. మనోజ్ఞ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, రిమోటు తీసుకుని మళ్ళీ ఇరవై ఆరుకి తెచ్చి, ఫ్యాను రెండులో పెట్టింది.

"ఇరవై ఆరుకైతే ఏసీ ఎందుకే? కిటికీ తీసుకుంటే పోలా?"

"తియ్యండి. బయట నలభై అయిదు వచ్చి కూర్చుంటది."

అతను ఆఫీసుకి వెళ్ళిపోయాక ఆమె తువ్వాలు సందులో సర్దింది. లేచి నిలబడి, అలవాటుగా మంచం పైన గోడకి తగిలించిన థర్మామీటరు చూసింది. రిమోటు మీద ఇరవై ఆరు. గోడ మీద ఇరవై ఎనిమిది. ఇంకా ఎండెక్కలేదు. పోయిన వారం ఈ వేళకి ఈ రెండంకెలూ ఒకటిగానే ఉండేవి. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే, నువ్వు కొన్న మిషనేగా అంటారు.

వెంకటసుబ్బారావు గారు కాలవల శాఖలో పనిచేసి రిటైరయిన మనిషి. పోయిన ఏడాది గుండె దెబ్బతింది. ఇప్పుడు గుండె సగం బలంతో కొట్టుకుంటోందనీ, ఒంట్లో నీరు చేరకుండా చూసుకోవాలనీ డాక్టరు గారు చెప్పారు. తాగే నీళ్ళకి కొలత. నీరు లాగే మాత్రలు. ఆ మాత్రలు వేసుకునే మనిషి చెమట పట్టే గదిలో ఉండకూడదు. "ఈ ఎండాకాలం ఈయన్ని మందుల కంటే ఎక్కువగా ఆ గదే కాపాడాలమ్మా," అని డాక్టరు అన్నది మనోజ్ఞతోనే. భర్త ఆఫీసులో ఉంటాడు. అత్తగారు రావమ్మ గారు మందు చీటీ చదవలేరు. పగలంతా ఆయన ప్రాణం తన చేతిలో ఉందని ఆమెకి ఆ రోజే అర్థమైంది.

భవానీపురంలో వాళ్ళది అయిదో అంతస్తు, పైన స్లాబు తప్ప ఇంకేమీ లేదు. మామగారిది వాయవ్యం గది. మధ్యాహ్నం నుంచి పడమటి గోడా, అందులో కిటికీ పెనంలా కాలుతాయి. పగలూ రాత్రీ నడవాల్సిన మిషను కదా అని మనోజ్ఞ తొందరపడలేదు. గది పొడవూ వెడల్పూ టేపుతో కొలిచింది. పెద్దదైతే తొందరగా చల్లబడుద్దని సిద్ధార్థ రెండు టన్నులది అన్నాడు. ఆ గదికి ఒకటిన్నర చాలనీ, మరీ పెద్దదైతే చల్లబడటమూ ఆగటమే తప్ప గాల్లో తేమ పోదనీ ఆమె చెప్పింది. ఇన్వర్టరుది, అయిదు స్టార్లది ఎంచింది. ఆ స్టార్లు ఏ సంవత్సరం లెక్కవో కూడా అడిగితే షాపులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. డిగ్రీలో చదివిన ఫిజిక్సు ఇన్నాళ్ళకి ఇంట్లోకి వచ్చిందని మామగారు మురిసిపోయారు.

అన్నీ ఆమె అనుకున్నట్టే జరిగాయి, బయటి పెట్టె ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చేదాకా.

ఉత్తరం గోడకి, కిటికీ కింద పెట్టిద్దామని ఆమె అనుకుంది. అటు ఖాళీ స్థలం, నీడ, గాలి ఆడుతుంది, గదికి ఒక్క గోడే అడ్డం. బిగించేవాళ్ళు డ్రిల్లు తీసేసరికి మంగళగిరి నుంచి చినమామగారు రామకోటేశ్వరరావు గారు దిగారు. ఆయన వాస్తు చూస్తారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు, నమ్మకంతో చూస్తారు. అన్నగారికి గుండె ఆగబోయిన రోజున భుజాన వేసుకుని మెట్లు దింపిందీ ఆయనే. అందుకని ఆ ఇంట్లో ఆయన మాటకి ఎదురుండదు.

"వేడి కక్కే వస్తువమ్మా అది. అగ్నిలెక్క. ఉత్తరాన పెడితే ఎట్టా? ఆగ్నేయంలో ఉండాల," అన్నారు.

ఆగ్నేయం అంటే వంటింటి వెనక వాష్ ఏరియా. అక్కడిదాకా గొట్టం వెయ్యాలంటే ఇల్లు ఈ మూల నుంచి ఆ మూలకి దాటాలి. మనోజ్ఞ నోరు తెరవబోయింది. రావమ్మ గారు ఆమె మోచెయ్యి పట్టుకున్నారు. పోయిన ఏడాది గాలి కోసం అదే ఉత్తరం గోడ పగలగొట్టించి కిటికీ పెద్దది చేయించారు. ఆ సిమెంటు ఆరకముందే ఆయన కుప్పకూలారు. "ఆ గోడ జోలికి మళ్ళీ పోవద్దే తల్లీ," అన్నారు అత్తగారు. అది ఆజ్ఞ కాదు, భయం. మనోజ్ఞ ఆ చెయ్యి విడిపించుకోలేకపోయింది.

రాగి గొట్టం హాలు సీలింగు అంచు వెంబడి పాకి, వంటిల్లు దాటి, వాష్ ఏరియాలోకి వెళ్ళింది. అక్కడ మూడు వైపులా గోడలు. నాలుగోవైపు గ్రిల్లు, పావురాలు రాకుండా దానికి కట్టిన ఫైబరు షీటు. మొన్న మనోజ్ఞ, కనీసం ఈ ఎండలు ముదరకముందే మార్పిద్దామని ఫోనులో అడిగితే, "ఇప్పుడు మూఢం కదమ్మా, వెళ్ళాక చూద్దాం," అన్నారు చినమామగారు.

ఆ మధ్యాహ్నం మామగారికి అన్నం పెట్టి, గిన్నెలు సర్ది, ఆమె గదిలోకి వెళ్ళింది. తలుపు తియ్యగానే తేడా తెలిసింది. ఏసీ ఊదుతోంది, గాలిలో చలువ లేదు. ఎప్పుడూ నిలకడగా వెలిగే పచ్చదీపం టపటపా కొట్టుకుంటోంది. గోడ మీద ముప్పై ఒకటి.

వెంకటసుబ్బారావు గారు బనీను ఛాతీ మీద నుంచి ఎత్తి పట్టుకుని పడుకున్నారు. మెడ చుట్టూ చెమట.

"అల్లుడు అలిగాడేమిటమ్మా? కాసిని నీళ్ళిస్తావా?"

ఈ పూటకి ఇవ్వాల్సిన నీళ్ళు అయిపోయాయి. ఆమె దూది తడిపి పెదవులు తుడిచింది. ఆయన ఆ తడిని నాలుకతో అందుకున్నారు. అది చూసి మనోజ్ఞ దూది మళ్ళీ తడిపింది.

డాక్టరు గారికి ఫోను చేసింది. "గది చల్లబరచండి. తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ ఉండండి. మాట్లాడిస్తూ ఉండండి. మాట తడబడినా, మనిషి తికమకపడినా ఇంక ఆలోచించకుండా తీసుకొచ్చెయ్యండి," అన్నారాయన.

ఏసీ వాళ్ళకి చేస్తే రేపు మనిషిని పంపుతామన్నారు. సిద్ధార్థకి చేస్తే, "గ్యాస్ అయిపోయుంటది. ఉండు, నేను బయల్దేరతా," అన్నాడు. బెంజి సర్కిల్ అవతల నుంచి రావాలి. కింది ఫ్లాటు డయానా గారింట్లో ఏసీ ఉంది, కానీ ఆవిడ ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళారు, తలుపుకి తాళం. అంబులెన్సు పిలవాలా? ఈ ఎండలో, ఈ ఆయాసంతో, ఆయన్ని లిఫ్టు లేని అయిదంతస్తులు దింపాలా? ముప్పై మూడు దాటితే పిలిచేస్తానని ఆమె మనసులో గీత గీసుకుంది.

"మామయ్య గారూ, మన బ్యారేజీ దగ్గర పుట్టే కాలవల పేర్లు చెప్పండి."

"ఇప్పుడెందుకే?"

"చెప్పండి. నాకు మాటిమాటికీ మర్చిపోవటమే."

"బందరు కాలవ. ఏలూరు కాలవ. రైవస్ కాలవ." ప్రతి పేరుకీ మధ్య ఒక ఊపిరి. "చాలా?"

"చాలు. మళ్ళీ వచ్చి అడుగుతా. పడుకోవద్దు."

గ్యాసు అయిపోయిందట. వేసవి మొదట్లో కొన్న మిషనులో గ్యాసు ఎక్కడికి పోతుంది? కారుతూ ఉంటే లోపలి మిషను మీద మంచు కట్టాలి, అదీ లేదు. ఈ వారంలో ఏం మారింది? ఆమె ఆ గొట్టం వెంబడి చూసుకుంటూ హాలు దాటింది, వంటిల్లు దాటింది. బట్టల పనంతా అత్తగారిదే కావటంతో వారంగా తను అడుగుపెట్టని వాష్ ఏరియా తలుపు తీసింది.

వేడి ముఖం మీదకి ఎగదన్నింది. కుక్కరు మూత తీసినట్టు, తడి వేడి. ఆ వేడిలో కమ్మటి వాసన. వరసగా ఆరేసిన దుప్పట్ల వెనక రావమ్మ గారు చెంగు నడుముకి దోపుకుని, చెంబుతో నీళ్ళు చిలకరిస్తున్నారు. బయటి పెట్టె కనపడటం లేదు. దాని ముందు నిలువెత్తు వట్టివేళ్ళ తడిక కట్టి ఉంది.

"ఏం చేస్తున్నారు అత్తయ్య గారూ?"

"కనపడట్లా? ఆమధ్య ముట్టుకుని చూశా, సలసలా కాలిపోతోంది. ఈయన్ని చల్లగా ఉంచే మిషను అదే కాలిపోతుంటే ఎట్టా అని అటక మీంచి తడిక దింపించా. వారం నుంచీ తడుపుతున్నా. మా పుట్టింట్లో ఇది తడిపితే హాలంతా ఊటీలాగుండేది."

వారం. గోడ మీది అంకెకీ రిమోటు అంకెకీ తేడా మొదలైందీ అప్పుడే.

"అది తీసెయ్యాలండీ. ఇప్పుడే."

"తీస్తే మాడిపోదూ?"

"ఇది గదిలో వేడిని తెచ్చి బయటికి ఊదే పెట్టె. ముందునుంచి ఊదుద్ది, వెనకనుంచి గాలి పీల్చుకుంటది. మనం దాని ముక్కూ నోరూ మూసేశాం. అది వదిలిన వేడే మళ్ళీ అదే పీల్చుకుంటోంది."

రావమ్మ గారి ముఖం ఎర్రబడింది. "నువ్వు ఏరికోరి తెచ్చిన మిషను చెడిపోతే తప్పు నా తడికదా? ఆయన కోసం చేశానే నేను!"

"నేనూ ఆయన కోసమే చెబుతున్నా. లోపల ముప్పై ఒకటుంది. ఆయన నీళ్ళడుగుతున్నారు, నేనివ్వలేను."

"మొదటినుంచీ నీకు ఈ మూల గిట్టలేదు. మరిది చెప్పిన మాట గిట్టలేదు."

జవాబు చెప్పటానికి టైము లేదు. మనోజ్ఞ అత్తగారి చెయ్యి పట్టుకుని తడికకీ పెట్టెకీ మధ్య సందులో పెట్టింది. రావమ్మ గారు చెయ్యి లాక్కోబోయి ఆగారు. గాజులు అప్పుడే వేడెక్కాయి. తడిసిన వట్టివేళ్ళ మీద తగిలిన ఆవిరి వెనక్కి తిరిగి ఆవిడ ముంజేతి మీదకే వస్తోంది. ఆవిడ ఏదో అనబోయేలోపు పెట్టె లోపలి ఫ్యాను మూలిగినట్టుగా తిరిగి, నెమ్మదించి, ఆగిపోయింది.

హాలు అవతల నుంచి దగ్గు వినిపించింది.

రావమ్మ గారు చెంబు కింద పడేశారు. తడిక కట్టిన తాళ్ళు విప్పటం మొదలుపెట్టారు. తడికి బిగిసిన ముడులు రావటం లేదు. "కత్తి, కత్తి తే!" మనోజ్ఞ వంటింట్లోంచి కత్తిపీట బదులు కూరల చాకు తెచ్చింది. ఆవిడ తాళ్ళు కోస్తుంటే తను దుప్పట్లన్నీ ఒక్క లాగుతో కిందికి లాగేసింది. స్టూలెక్కి, కటింగ్ ప్లేయరుతో గ్రిల్లుకున్న షీటు తీగలు కత్తిరించింది. ఒక తీగ, రెండో తీగ. షీటు వంగి జారింది. పావురాలు రెక్కలు కొట్టుకుంటూ లేచాయి. వేడిగాలే అయినా బయటి గాలి, కదిలే గాలి లోపలికి వచ్చింది. వంటింటి టేబుల్ ఫ్యాను తెచ్చి పక్క నుంచి బయటికి తిప్పి పెట్టింది. ఆ మూల దాచుకున్న వేడంతా గ్రిల్లులోంచి పోతూ ఉంటే చేతికి తెలుస్తోంది.

ఏసీ స్విచ్చి కట్టేసి వెంటనే వెయ్యలేదు. కాసేపు ఆ ఇనుము చల్లారాలి. ఆ కాసేపు ఆమె మామగారి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. గోడ మీద ముప్పై రెండు దాటింది. రావమ్మ గారు తడి పంచెతో ఆయన చేతులూ మెడా తుడుస్తున్నారు. పెదవుల మీద ఏదో స్తోత్రం కదులుతోంది.

"మామయ్య గారూ, కాలవల పేర్లు."

"మళ్ళీనా?" కళ్ళు సగమే తెరిచారు. "బందరు కాలవ. ఏలూరు..."

మూడోది రాలేదు. కనుబొమలు ముడేసి పైకప్పు వంక చూస్తున్నారు. పాతికేళ్ళు ఆ కాలవ గట్టు మీద సైకిలు తొక్కిన మనిషి. మనోజ్ఞ లేచి ఒక చేత్తో ఫోను తీసింది, రెండో చేత్తో ఏసీ స్విచ్చి వేసింది. అంబులెన్సు అంకెలు నొక్కి, బొటనవేలు పచ్చగుర్తు మీద ఉంచింది.

పచ్చదీపం వెలిగింది. కొట్టుకోలేదు. నిలకడగా ఉంది. గాలి వస్తోంది, వెచ్చటి గాలే. ఇల్లు అవతలి మూల నుంచి సన్నటి రొద మొదలైంది. ఆమె మునివేళ్ళ మీద లేచి, చెయ్యి పైకెత్తి ఏసీ రెక్కల దగ్గర పెట్టింది. వెచ్చన. ఇంకా వెచ్చన. వేళ్ళ చివర్లకి ఏదో తెలిసీ తెలియనట్టు తగిలింది. తర్వాత అరచేతికి. చలువ.

"ఏమండీ, మూడో కాలవ ఏది?" అన్నారు రావమ్మ గారు, ఏడుపు గొంతుతో గదమాయిస్తూ. "చెప్పరేం? మీ ఉద్యోగం ఎక్కడ వెలగబెట్టారు?"

ఆయన భార్య వైపు తల తిప్పారు. "రైవస్," అన్నారు మెల్లగా. "మర్చిపోలేదు. మీ అత్తాకోడళ్ళు ఊపిరి పీల్చుకోనిస్తే చెబుదామని చూస్తున్నా."

మనోజ్ఞ ఫోను మంచం మీద పెట్టి, వెళ్ళి, తలుపు సందులో తువ్వాలు సరిచేసింది.

సిద్ధార్థ వచ్చేసరికి గోడ మీద ఇరవై తొమ్మిది. డ్యూటీ దిగిన డయానా గారు పైకి వచ్చి నాడి చూసి, బీపీ చూసి, గండం గడిచిందనీ, రేపు ఒకసారి డాక్టరుకి చూపించమనీ చెప్పి వెళ్ళారు. కబురు తెలిసి రామకోటేశ్వరరావు గారు మంగళగిరి నుంచి బస్సెక్కి, దీపాలు పెట్టే వేళకి దిగారు. అన్నగారి పాదాలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

నడిచేది ఒక్క ఏసీ గనక ఎండాకాలం ఆ ఇంట్లో రాత్రి భోజనాలు మామగారి గదిలోనే. నేల మీద చాప, మధ్యలో గిన్నెలు. మామగారికి మంచం మీదే పళ్ళెం, ఉప్పు లేని పప్పు. మనోజ్ఞ వడ్డిస్తోంది. వాష్ ఏరియా మూలలో తాళ్ళు తెగిన వట్టివేళ్ళ తడిక గోడకి ఆనించి ఉన్న సంగతి అందరికీ తెలుసు. దాన్ని అక్కడ కట్టింది ఎవరో మనోజ్ఞ సిద్ధార్థకి చెప్పలేదు. వేడికి మిషను ఆగిపోయిందని మాత్రమే చెప్పింది.

"ఆ షీటు తీసేశారుగా, ఇంక ఇబ్బంది ఉండదులే," అన్నారు రామకోటేశ్వరరావు గారు పప్పు కలుపుకుంటూ. "మూఢం వెళ్ళాక కావాలంటే ఆ గ్రిల్లు కూడా వెడల్పు చేయిద్దాం. స్థానం మటుకు అదే మంచిది."

సిద్ధార్థ భార్య వంక చూశాడు. మనోజ్ఞ గరిటె పప్పు గిన్నెలో పెట్టింది. ఇవాళ ఊరుకుంటే రేపు మధ్యాహ్నం మళ్ళీ ఇదే ఎండ. ఆ మూలకి మూడు గోడలూ అలాగే ఉంటాయి. ఆమె నోరు తెరిచింది.

"షీటు తీసింది మనోజ్ఞ. కానీ తడిక కట్టింది నేను," అన్నారు రావమ్మ గారు ముందే. పళ్ళెంలో చెయ్యి పెట్టలేదావిడ. "వారం బట్టీ ఆయనకి ఊపిరాడకుండా చేసింది నేను. ఈ పిల్ల ఆ మాట ఎవరికీ చెప్పలా."

"వదినా, నువ్వు మంచికే..."

"మంచికే. నువ్వూ మంచికే చెప్పావు కోటేశ్వర్రావ్. మధ్యాహ్నం నుంచీ నా చెయ్యి మండుతోంది, ఆ మంచి ఎంత వేడో నాకు తెలుసు."

"అది కాదు వదినా, ఉత్తరం గోడ. పోయినేడు..."

"పోయినేడు నాకూ గుర్తుంది. నిద్రలో కూడా గుర్తుంటది." ఆవిడ పళ్ళెం పక్కకి జరిపారు. "మూఢంలో పెళ్ళిళ్ళు చెయ్యరు, ఇళ్ళల్లో చేరరు. ఒప్పుకుంటా. ఊపిరాడని మనిషికి గాలి పెట్టొద్దని ఏ పంచాంగంలో ఉందో చూపించు, ఆగుతా."

ఆయన కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేశారు. అన్నగారి వైపు చూశారు. "ఆ గోడకి కన్నం పెట్టేముందు ఒక కొబ్బరికాయన్నా కొట్టండి," అన్నారు చివరికి.

"కొడతా."

"ముక్క నాక్కూడా పెట్టండి," అన్నారు మంచం మీంచి వెంకటసుబ్బారావు గారు. "అందులో నీళ్ళు లెక్కలోకి రావనుకుంటా."

"వస్తాయి మామయ్య గారూ," అంది మనోజ్ఞ.

రావమ్మ గారు మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కుని, కొడుకు వైపు తిరిగారు. "సిద్ధూ, రేపు సెలవు పెట్టు. పొద్దున్నే మనుషుల్ని పిలిపించి ఆ పెట్టె ఆగ్నేయంలోంచి తీయించు. ఉత్తరం గోడకి, కిటికీ కింద. ఎక్కడ కన్నం పెట్టాలో మీ ఆవిడ సుద్దతో గీసి చూపిస్తది, అక్కడే పెట్టాలి, ఒక్క వేలు అటూ ఇటూ కదలకూడదు. ఆ తడిక తెచ్చి ఈ గది పడమటి కిటికీకి బయట నేను కడతా."